శాంపిల్ స్పూను

రిటైరై పదకొండేళ్లయినా అప్పలసూరి ఒంట్లో పొద్దుటి ఎ-షిఫ్టు ఇంకా నడుస్తూనే ఉంది. ఐదింటికల్లా గడ్డం గీసుకుని, ఖుర్సీపార్ సందు మొదట్లో టీ బడ్డీ దగ్గర నిలబడ్డాడు. ముంజేతుల నిండా చింతగింజలంత మచ్చలు, ఉక్కు చిందినప్పటివి. భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు ఫర్నేసు తలుపు ముందు నిలబడి, కాగే ఉక్కులోంచి శాంపిల్ తీసిన మనిషి. ఆ పనికి ఎవరూ దండ వేసి ఫొటో తీయలేదు. అతనూ ఎన్నడూ గొప్ప చెప్పుకోలేదు.

ఆవేళ ప్రయాణం పెట్టింది సింహాద్రి. రాయ్‌పూర్‌లో ఈ ప్రాంతపు చరిత్ర మీద చిన్న మ్యూజియం తెరిచారట, అందులో భిలాయికో గది కూడా ఉందట. పాత జట్టులో మిగిలింది ఈ ఇద్దరూ, క్రేను నడిపిన బలరామూ. ముగ్గురూ బస్సెక్కారు.

భిలాయి గదిలో ఒక అద్దాల పెట్టె ముందు అప్పలసూరి ఆగిపోయాడు. లోపల శాంపిల్ స్పూను: మనిషి నిలువును మించిన కాడ, చివర పిడికెడు గిన్నె. కింద చీటీ మీద హిందీలో ఉంది: కార్మికుల క్యాంటీన్‌లో వాడిన వంట గరిటె. బలరాం పగలబడి నవ్వాడు. సింహాద్రి నవ్వబోయి, స్నేహితుడి మొహం చూసి ఊరుకున్నాడు.

"దీన్తోటి పప్పు వొడ్డించినామని రాసీసినార్రా," అన్నాడు అప్పలసూరి. ముప్పై ఒక్క ఏళ్ల చాకిరీ గరిటె పేరున మిగిలిపోతుందేమోనని అతనికి దిగులు పట్టుకుంది.

ఫోర్‌మన్‌కి కూడా ఏనాడూ ఎదురు చెప్పనివాడు, నేరుగా మ్యూజియం వాళ్ల బల్ల దగ్గరున్న సుప్రియ అనే తెలుగమ్మాయి దగ్గరికి నడిచాడు. ఆమె శ్రద్ధగా విని, రాసిస్తే పైవాళ్లకు చూపించి మార్పిస్తానంది. హిందీలో రాయడం రాదని అతను నసిగాడు.

"తెలుగులోనే లిఖ్ దీజియే తాతగారూ. మా అమ్మ చదివేస్తుంది."

అరగంట సేపు వంగి కూర్చుని రాశాడు. ఈలోగా సింహాద్రి ఆమెతో అన్నాడు: "ల్యాబు కాయితం వొచ్చీలోపల, శాంపిల్ ఇరిచి లోపలి పలుకు సూసి ఉక్కు తయారైందో నేదో ఈడు సెప్పీసీవోడమ్మా. ఒక్కనాడూ తప్పనేదు."

తిరుగు బస్సులో కుమ్హారి దాటాక అప్పలసూరి అడిగాడు.

"మారుత్తారంటావేటిరా?"

"మారుత్తారు. ఆ పిల్ల మాట మీద నిలబడీదే."

"అయితే సాలు," అని సింహాద్రి భుజం మీద తల వాల్చాడు. దిగేచోటు దగ్గర పడిందని భిలాయి-3లో బలరాం ఎంత తట్టినా అప్పలసూరి లేవలేదు. సింహాద్రి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఖుర్సీపార్ వచ్చేదాకా ఆ తలను భుజం మీంచి కదలనివ్వలేదు.

అప్పలసూరి పెద్దకర్మ అయ్యాక సింహాద్రి ఒక్కడే మళ్లీ రాయ్‌పూర్ వెళ్లాడు. పాత చీటీ తీసేశారు. కొత్తది అచ్చయి వచ్చేదాకా స్నేహితుడు రాసిచ్చిన ఆ కాయితాన్నే సుప్రియ అద్దం వెనక నిలబెట్టింది. వంకర టింకర తెలుగు అక్షరాలు: స్పూనును ముందు ఉక్కు మీద తేలే చిట్టెంలో ముంచి తిప్పాలి, పూత పట్టాకే ఉక్కులో పెట్టాలి, లేకపోతే స్పూనే కరిగిపోతుంది. అన్నిటికన్నా కింద, కాస్త పెద్ద అక్షరాల్లో, కంగారు పడకూడదు అని ఉంది.