దీవి ఎక్కడికీ పోదు

మనిషి మీద పగ తీర్చుకోవాలంటే ముందు అతని సెలవుల క్యాలెండర్ చూడాలి. పదకొండేళ్ల ఐటీ ఉద్యోగం నాకు నేర్పిన విద్యల్లో ఇదొక్కటే సొంతానికి పనికొచ్చింది.

మా మేనేజర్ పేరు హేమంత్. అనంతపురం మనిషి, మాటలో తేనె కారుతుంది. గచ్చిబౌలి ఆఫీసులో ఆయన కింద నేను టీమ్ లీడ్‌ని, పేరు రోహిణి. ఎక్కడో అమెరికాలో ఉన్న బ్యాంకు సాఫ్ట్‌వేర్ మా చేతుల్లో ఉంటుంది. మూడు నెలలకోసారి దాంట్లో మార్పులన్నీ ఒక్క వారంలో ఎక్కిస్తాం. దాన్ని రిలీజ్ వారం అంటాం. ఆ వారం మేనేజరో, లీడో, ఇద్దరిలో ఒకరు సీట్లో ఉండి తీరాలని రూలు. ఆ రూలు పాతదేమీ కాదు. నిరుడు వేసవిలో పుట్టింది. నా సెలవు ఆపడానికే పుట్టింది.

మాది నార్సింగి. నాన్న సున్నాలు వేసే మేస్త్రీ. అమ్మ కనకమ్మ ఆయనతోపాటే పనికి పోయేది. సున్నం నానబెట్టేది, నీలిమందు కలిపేది, నిచ్చెన అక్కర్లేని గోడలన్నీ తనే వేసేది. పెయింట్లు వచ్చాక సున్నం పని పోయింది, ఆ తరువాత నాన్న పోయాడు. రెండేళ్ల కింద పళ్ల డాక్టరు దగ్గర గోడకున్న క్యాలెండర్‌లో పారోస్ అనే గ్రీకు దీవి బొమ్మ చూసి అమ్మ పంటి నొప్పి మరిచిపోయింది.

"ఏందే బిడ్డా, ఊరు ఊరంత సున్నమే! బాటల రాళ్ల సందులకు గూడ ఏసిన్రు. గీడ ఇంక సున్నపు మేస్త్రీలు బతుకుతున్రా?"

"బతుకుతున్నరట అమ్మా. ఏడాదికోసారి మళ్ల ఏస్తరట."

"ఒక్కసారి చూసొద్దమానే?"

అమ్మ నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు. చీర కూడా అడగలేదు. అందుకే ఆ రోజే ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. ఏ ఓడ ఎన్నింటికి, ఏ వీధిలో మెట్లు తక్కువ, ఎక్కడ పెరుగు దొరుకుతుంది, ఎవరి వంటింట్లో మనం అన్నం వండుకోవచ్చు, అన్నీ రాశాను. అందులో ఒక ట్యాబ్ పేరే 'అమ్మ'. ఎలేని అనే ఆవిడ తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుందని తెలిసి ఆమెకు మెయిల్ రాశాను, మా నాన్న పని గురించి కూడా రాశాను. ఆవిడ నుంచి జవాబు వచ్చింది: "పెరటి వైపు గోడ ఒకటి సున్నం వేయకుండా ఉంచుతాను. మీ అమ్మగారు వచ్చి వేస్తారు."

ఈ మాట చెబితే అమ్మ అటక ఎక్కి నాన్న కుంచె దించింది.

వీసాకు వేలిముద్రలు కావాలి. సున్నం కొరికిన వేళ్లు కదా, గీతలు అరిగిపోయాయి. ఎవరో చెప్పారని నెల రోజులపాటు పొద్దునా సాయంత్రం పది వేళ్లకూ కొబ్బరినూనె రాసుకుంది. గిన్నెలు తోమడానికి నన్ను పిలిచేది. వీసా ఆఫీసులో మెషీన్ రెండుసార్లు వద్దంది. మూడోసారి పచ్చ లైటు వెలిగితే, అక్కడున్న అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి దీవించి వచ్చింది.

ఆ నెలలోనే హేమంత్ నా సీటు దగ్గరికి వచ్చాడు. "భలే ప్లాన్ చేసినావంటనే రోహిణీ. ఆ షీట్ ఒకసారి షేర్ చెయ్యి, ఊరికే చూస్తా." ఆఫీసులో అందరం ఆయన్ను అన్నా అని పిలిచేవాళ్లం. అన్న అడిగితే ఇవ్వకుండా ఎట్లా ఉంటాను?

ప్రయాణం ఇంకా పది రోజులుందనగా నన్ను మీటింగ్ రూమ్‌లోకి పిలిచి తలుపు వేశాడు.

"రిలీజ్ ఆ వారానికే మారింది. ఇద్దరం లేకుంటే ఎట్లమ్మా? ఒకరన్నా ఉండాలి. నాకా టికెట్లు కొనడం అయిపోయింది, మా ఆవిడ భార్గవి ఊరుకోదు. నువ్వు మళ్లీ పోవచ్చులే. దీవి ఎక్కడికీ పోదు."

"మీరు ఏ ఊరు పోతున్నరన్నా?"

"అదే, పారోస్. నీ షీట్ చూసినాక మనసు లాగేసింది." నవ్వాడు కూడా. అప్పుడే ఆ మనిషిని సున్నంలోకి ఎముక మిగలకుండా తన్నాల్సింది. నేను "సరే అన్నా" అని వచ్చి సెలవు రద్దు చేసుకున్నాను. ఎలేనికి రాలేకపోతున్నామని రాశాను. ఇద్దరిలో ఒకరుండాలన్న ఆ మాటనే రూలుగా మార్చి సాయంత్రానికి మా డైరెక్టర్ వెంకటనారాయణ గారితో సహా అందరికీ మెయిల్ పెట్టాడు.

రిలీజ్ వారంలో నేను సీట్లో కూర్చుని ఉండగా టీమ్ గ్రూపులో ఆయన ఫొటోలు వచ్చాయి. ఎలేని ఇల్లే. మేం అడిగిన గదే. ఒక ఫొటోలో పెరటి గోడ ముందు నల్లకళ్లజోడుతో నిలబడి కుంచె పట్టుకున్నాడు. గోడంతా చారలు. అమ్మ నా ఫోన్ లాక్కుని చాలాసేపు చూసింది.

"సున్నం కారుతున్నది. గోడను తడుపలే వాడు," అని మాత్రం అంది. కుంచెను మళ్లీ అటక మీద పెట్టేసింది.

అప్పటికీ నాకు పగ లేదు, కోపమే ఉంది. కోపం జీతం పడిన రోజు కొంచెం తగ్గుతుంది. జనవరిలో, మళ్లీ వస్తామని ఎలేనికి రాశాను. ఆవిడ జవాబు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

"రోహిణీ, మీ అమ్మగారు పోయారని మీ స్నేహితుడు చెప్పాడు. ఆ గది మీకోసమే ఉంచుతాను, ఇంకొకరికి ఇవ్వనని మొదట అన్నాను. ఆయన ఆ సంగతి చెప్పాక ఇచ్చాను. ఆమె పేరున చర్చిలో దీపం పెట్టాను. గోడ ఆయనే వేస్తానన్నాడు, ఆమె కోసం."

మూడుసార్లు చదివాను. ఒక గది కోసం మా అమ్మను చంపేశాడు. పక్క గదిలో అమ్మ బియ్యం ఏరుతోంది.

దాచలేక చెప్పాను. చేటలో చెయ్యి ఆగింది. "పోనియ్యి. అబద్ధపు చావు కబురొస్తే ఆయుష్షు పెరుగుతదంటరు," అంది. ఆ రోజు అన్నం మాత్రం తినలేదు. ఆ తినని అన్నం దగ్గర నా పగ పుట్టింది. ఆ రోజు నుంచి హేమంత్‌ను అన్నా అనడం మానేశాను. ఆయన గమనించలేదు.

వారం తిరక్కుండా నా సీటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. "ఈ మే నెలలో శాంటోరిని, రోహిణీ. అత్తామామలు కూడా. నిరుడు అమ్మ అని ఒక ట్యాబ్ చేసినావు చూడు, దాన్ని అత్తయ్య అని మార్చి ఇయ్యి."

మార్చి ఇచ్చాను. షీట్‌లో తప్పులు పెట్టొచ్చు, ఓడల వేళలు తారుమారు చేయొచ్చు. అది చేతకానివాళ్ల పని, పైగా దొరికిపోతాం. నేను ఒక్క తప్పు లేకుండా చేశాను. సూర్యాస్తమయం మంచంలోంచే కనిపించే గది, మామగారి మోకాళ్లకు లిఫ్టు, అత్తయ్యకు పచ్చిమిరపకాయలు దొరికే కొట్టు. చూసినవాడు బుక్ చేయకుండా ఉండలేడు. రద్దు చేస్తే పైసా తిరిగి రాని చవక టికెట్లే ఆయన కొంటాడని నాకు తెలుసు, అట్లాగే కొన్నాడు. మే పదహారు, శనివారం ప్రయాణం. మే రిలీజ్ ఆ వారమే. ఆయన బదులు సీట్లో ఉండేది రోహిణి అని సిస్టంలో తనే ఎక్కించాడు.

మా ఆఫీసులో మానేయాలంటే తొంభై రోజుల ముందు రాజీనామా పెట్టాలి. పేపర్లు పెట్టడం అంటాం. మే పదిహేను నుంచి తొంభై రోజులు వెనక్కి లెక్కపెడితే ఫిబ్రవరి పద్నాలుగు, శనివారం. సెలవు రోజైనా పేపర్లు పెట్టాను. నార్సింగి వైపే ఉన్న ఇంకో కంపెనీలో జూన్ ఒకటిన చేరతానని అప్పటికే ఒప్పుకున్నాను.

ఇక్కడే హేమంత్ తప్పు చేశాడు. హైటెక్ సిటీలో పనిచేసే ఏ మేనేజరైనా ఆ తప్పే చేస్తాడు. ఈ ఐటీ కారిడార్‌లో పేపర్లు పెట్టినవాళ్లలో సగం మంది పోరు. జీతం పెంచుకోవడానికి పెడతారు, మేనేజర్ బుజ్జగిస్తాడు, వెనక్కి తీసుకుంటారు. అలిగిన అల్లుడి వరస. అందుకే ఆయన నా రాజీనామా మీద 'అంగీకారం' బటన్ నొక్కలేదు. ఏప్రిల్‌లో అప్రైజల్, టీమ్ లీడ్ పోతోందని పైకి తెలిస్తే తన రేటింగ్‌కు దెబ్బ. దాన్ని తొక్కిపెట్టి కూర్చున్నాడు.

"పెంచుతాలేమ్మా. ఆలోచించుకో."

"ఆలోచిస్తున్నాను హేమంత్ గారూ."

నేను అబద్ధం ఆడలేదు. ప్రతి పదిహేను రోజులకూ ఒక మెయిల్ పెట్టాను: నా పని మన టీమ్‌లోని సందీప్‌కు నేర్పమంటారా? ప్రతిసారీ ఒకటే జవాబు: "ఇప్పుడే వద్దు, అవసరం రాదు." ఆ మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకున్నాను. మార్చిలో మా వీసాలు వచ్చాయి. అమ్మ వేలిముద్రలు నిరుడివే పనికొచ్చాయి.

మేనేజర్ బటన్ నొక్కినా నొక్కకపోయినా, ఆఖరి రోజుకు మూడు రోజుల ముందు మా సిస్టం తనంతట తానే మెయిల్ పంపుతుంది, ఫలానా వ్యక్తి దగ్గర ల్యాప్‌టాప్ తీసుకోండి అని. అది డైరెక్టర్‌కూ పోతుంది. మంగళవారం పోయింది. వెంకటనారాయణ గారు అరవరు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి, నా ఫోల్డర్ అంతా చదివి, హేమంత్ వైపు తిరిగారు.

"ఇద్దరిలో ఒకరు ఉండాలని నిరుడు మీరే రాశారు కదండీ? రోహిణి ఉండదు. మరి మీరు ఉండాలి కదా."

శుక్రవారం సాయంత్రం నేను బ్యాగు సర్దుకుంటుంటే హేమంత్ వచ్చాడు. టై లేదు, తేనె కూడా లేదు.

"ఒక్క వారం పొడిగించు రోహిణీ. నీకు దండం పెడతా. మామకు అరవయ్యో పుట్టినరోజు అక్కడే చేస్తానని చుట్టాలందరికీ చెప్పినాను. నేను లేకుండా వాళ్లు పోతే నా మొహం ఏం పెట్టుకోవాల?"

నాలో జాలి ఎక్కడైనా ఉందేమోనని నిజంగా వెతికాను. లేదు. బియ్యం చేటలో ఆగిపోయిన చెయ్యి ఒక్కటే కనిపించింది.

"దీవి ఎక్కడికీ పోదు కదన్నా," అన్నాను. నాలుగు నెలల తరువాత అన్నా అన్నాను. "రేపు మేం పారోస్ పోతున్నం. ఎలేని ఇంటికే. చచ్చిపోయిన మా అమ్మను తీస్కపోతున్న."

మనిషి మొహం తెల్లబోవడం అంటారు కదా, అది అంత దగ్గర నుంచి అప్పుడే చూశాను. నా ఐడీ కార్డు తీసి ఆయన టేబుల్ మీదే పెట్టి కిందికి దిగాను. బైక్ టాక్సీ ఎక్కి నార్సింగి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను. నడిపే అతను రెండుసార్లు అద్దంలో చూశాడు.

పారోస్‌లో ఎలేని అమ్మను చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. తరువాత వాటేసుకుని ఏడ్చింది. అమ్మకు ఆవిడ భాష రాదు, ఆవిడకు అమ్మది రాదు. అమ్మ ఆవిడ వీపు నిమిరి నేరుగా పెరట్లోకి నడిచింది.

ఆ గోడ అక్కడే ఉంది. చారలు చారలుగా, పొక్కులు లేచి ఉంది. అమ్మ గోరుతో గీరి చూసింది.

"గిది వాడేసిందే గద. మొత్తం గీకాలె. పారొకటి అడుగు."

పొద్దంతా గీకింది. చెమట పట్టింది, పైకొంగు నడుముకు చెక్కింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. హేమంత్ వేసిందంతా పొడి పొడిగా రాలి కాళ్ల దగ్గర పడింది. గోడను తడిపి, నాన్న కుంచె సున్నంలో ముంచి, పైనుంచి కిందికి ఒక్క చార లేకుండా లాగింది. అప్పుడు నేను ఫోన్ తీశాను.

"ఎవరికే ఫోటువ?"

"మా మేనేజర్‌కు. గిప్పుడు ఆఫీసుల ఒక్కడే కూసోని ఉంటడు."

అమ్మ కుంచె ఎత్తిపట్టి, కెమెరా వైపు తిరిగి, సున్నం అంటిన పది వేళ్లూ కనిపించేలా నిలబడింది.

"మంచిగ తియ్యి," అంది. "సచ్చినోళ్ల చెయ్యి ఎట్లుంటదో చూడనీ."

పంపాను. చూసినట్టు రెండు నీలి గీతలు వెంటనే పడ్డాయి. అమ్మ రెండో పూతకు సున్నం కలుపుకుంటోంది.