తుమ్మచెట్టు వాలిన వైపు

ఫోన్ మోగేసరికి మా ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. సామ్సన్ గడ్డంతో నొక్కబోయి తప్పాడు. నేను మోచేత్తో నొక్కాను. హైదరాబాదులో బొమ్మల ప్రదర్శనశాల నడిపే ఆవిడ. ఆమె నింపాదిగానే మాట్లాడింది. ఊపిరాడనిది మాకే.

"మీ తుమ్మచెట్టు చాలా నచ్చిందండీ. వచ్చే నెల ప్రదర్శనలో ఒక గోడంతా మీకే. ఆ ఒక్క చెట్టే, ఇరవై ప్రింట్లు వరసగా. అన్నీ ఒకేలా ఉండాలి. ఫొటోలో కనిపించిన ఆ మఖమల్ లాంటి నలుపే కావాలి. బుధవారానికి పంపగలరా?"

"పంపుతాం మేడం" అన్నాడు సామ్సన్.

ఫోన్ ఆగగానే నేను అతని మీదికి ఎగిరాను. అతను వేసుకున్నది పెళ్లిలో మా అన్న పెట్టిన తెల్లచొక్కా. ప్రింట్లు వేసేటప్పుడు ఎవరైనా పెళ్లిచొక్కా వేసుకుంటారా అంటే, మిగతావన్నీ అప్పటికే నల్లబడ్డాయి మరి. ఇప్పుడు దాని వీపున నా పది వేళ్లూ అచ్చు పడ్డాయి. పెళ్లయి మూడు నెలలు. ఇలాంటి నష్టాలు మాకింకా నవ్వే తెప్పిస్తున్నాయి.

పత్తిమిల్లు నుంచి అప్పుడే వచ్చిన మా అత్త అంజనమ్మ, తలలో దూది పోగులతోనే గుమ్మంలో నిలబడింది.

"ఏమైందిరా, అట్ల అరుస్తాండారు?"

"హైదరాబాదులో మన చెట్టును గోడకు పెడతారంటమ్మా."

"యా చెట్టు?"

"తుమ్మచెట్టు."

"తుమ్మచెట్టా! హైదరాబాదోళ్లకు ముండ్లు కరువైనాయా?" అని కొడుకు వీపు చూసి, "ఈ చొక్కా ఇంక నేను ఉతకను. ఎవరు ఖరాబు చేసినారో వాళ్లే ఉతకల్ల" అంటూ లోపలికి పోయింది. స్టౌ ముట్టిస్తూ తనలో తనే నవ్వుకుంది. అది కూడా విన్నాను.

సామ్సన్ ఆదోనిలో ఫ్లెక్సీలు వేసే దుకాణంలో పని చేస్తాడు. అక్కడ మిగిలిపోయిన గట్టి ప్లాస్టిక్ పలకల ముక్కలు ఇంటికి తెచ్చుకుంటాడు. గోతాలు కుట్టే దబ్బనాన్ని రాతి మీద నూరి, ఆ మొనతో పలక మీద చెట్లు గీకుతాడు. గీసిన చోట సిరా మెత్తి, పైన గుడ్డతో తుడిచేసి, గీతల్లో మిగిలిన సిరాను తడికాగితం మీదికి ఎక్కించాలి. అందుకు పెద్ద యంత్రం కావాలి. మాకున్నది పాత చెరుకురసం మిషను. లేత్ పట్టించి దాని రోలర్లను నున్నగా చేయించాడు. పలక మీద కాగితం, కాగితం మీద కంబళి ముక్క పెట్టి చక్రం తిప్పితే రెండో పక్క నుంచి చెట్టు వస్తుంది. కాగితాన్ని ఒక మూల పట్టుకొని ఒలిచేటప్పుడు సన్నగా ఒక చప్పుడవుతుంది. బీయస్సీ చదివిన మూడేళ్లలో ఏ ప్రయోగశాలలోనూ నాకు అంత ఆనందమిచ్చిన చప్పుడు వినలేదు.

ఆ సాయంత్రం సామ్సన్ పలకను కడిగి కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. వేలి కొసతో గీతల మీద నిమిరాడు. నవ్వు పోయింది.

"మౌనీ, ఇది అయిపోయిందే."

"ఏందప్పా అయిపోయేది?"

"చూడు, నున్నగైపోయినాది."

దబ్బనం గీసినప్పుడు గీత అంచున సన్నగా గరుకు లేస్తుంది. ఆ గరుకు పట్టుకున్న సిరాయే మఖమల్ నలుపు. పలక మిషను కింద నలిగిన ప్రతిసారీ ఆ గరుకు కొంచెం కొంచెం అణిగిపోతుంది. ఇరవై దాకా బాగా వస్తాయి. ఆ తరవాత పలక అలసిపోతుంది. మా పలక ఎప్పుడు అలసిపోయిందో ఇద్దరికీ తెలుసు. పెళ్లికి వచ్చిన వాళ్లకు స్టీలు డబ్బాలు వద్దు, ఇంటికో చెట్టు ఇద్దామన్నాడు సామ్సన్. మా వైపు ఎవరూ చేయని పని. నాకు అంతకంటే గొప్పగా తోచిన పని లేదు. మంచి నలుపంతా భోజనాల పందిట్లోనే పంచేశాం.

అయినా మరునాడు దుకాణానికి సెలవు చెప్పి ప్రయత్నించాడు. నేను కాగితాలు తడిపి తువ్వాళ్ల మధ్య పెడుతున్నాను. అతను సిరా పూస్తాడు, తుడుస్తాడు, చక్రం తిప్పుతాడు. ఒలిస్తే బూడిదరంగు చెట్టు. సిరా ఎక్కువ ఉంచితే కొమ్మలన్నీ అలుక్కుపోయాయి. గీతల మీదే మళ్లీ గీస్తే, పాత గీత పక్కన కొత్త గీత జంటగా నిలబడి చెట్టు వణుకుతున్నట్టు కనిపించింది. అది చాలదన్నట్టు వీధిలో పోయే పత్తిలారీల నుంచి ఎగిరొచ్చిన దూది తడిసిరాకు అంటుకుంటోంది. దాన్ని గోటితో తీయబోతే మచ్చ. మధ్యాహ్నానికి నా భుజాలు ఎత్తలేకపోయాను. సాయంత్రానికి దండెం మీద చెట్లన్నీ వరసగా ఆరుతున్నాయి, ఒకదాని కంటే ఒకటి వెలిసిపోయి. అత్త దండెం పొడుగునా నడిచి చూసింది.

"దీనికి జొరం వచ్చినట్టుంది" అని మా ఇద్దరికీ అన్నం పెట్టింది. సామ్సన్ ఎడమచేత్తో తిన్నాడు. కుడిచెయ్యి చక్రం తిప్పి తిప్పి పట్టేసింది.

"పెండ్లిలో ఇచ్చినవి అడిగి తెస్తే?" అన్నాను.

"ఇచ్చింది మళ్లీ అడిగేదా? మొగం యాడ పెట్టుకోవల్ల?"

"నా మొగం పెడతాలే. కొత్త పెండ్లికూతుర్ని, నన్నేమనరు. బదులు ఇంకో చెట్టు ఇస్తామని చెప్దాం."

అతను సరేనన్నట్టు తల ఊపాడు. అంత అలసటలో ఉన్నాడు కాబట్టే ఒప్పుకున్నాడనుకుంటాను.

శనివారం పొద్దున బండి మీద ఎమ్మిగనూరు బయల్దేరాం. వెనక కూర్చున్నందుకు నాకు సంతోషమే, కానీ దారంతా గుంతలు. దుమ్ము కొంగు దాటి నోట్లోకి వస్తోంది. సామ్సన్ వీపుకు తలానించి కునుకు తీశాను. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బజ్జీలో మిరపకాయ కారానికి అతని కళ్ల నీళ్లు చూసి నేను నవ్వితే, నా కళ్ల నీళ్లు చూసి అతను నవ్వాడు. ఆ రోజు చివరిదాకా అదే మా బలం.

మొదట మా పుట్టింటి పక్కనే ఉండే మహాదేవక్క ఇంటికి పోయాం. మగ్గం దిగి వచ్చింది.

"రా పాపా! ఏం ఇట్ల ఎండిపోయినావు? ఏమప్పా, మా పిల్లకు అన్నం పెడ్తాండావా, లేకుంటే సిరానే తాపిస్తాండావా?"

నేను విషయం చెప్పకముందే ఆమె మమ్మల్ని మగ్గం గదిలోకి లాక్కుపోయింది. మగ్గం ఎదుటి గోడ మీద మా చెట్టు. చిక్కటి నలుపు. నాకు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి చూస్తే నాలుగు అంచులూ గోడకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఫ్యాను గాలికి ఎగిరిపోతుంటే మైదాబంక పట్టించినాను. ఇంక భూమి కదిలినా కదలదు" అంది గర్వంగా. "నేస్తా నేస్తా తలెత్తితే చెట్టు. కండ్లకు సల్లగుంటాది."

సామ్సన్ ఒక మూల గోటితో మెల్లగా తాకి వదిలేశాడు. మేం వచ్చిన పని చెప్పలేదు. టీ తాగి లేచాం.

కోసిగిలో మా చిన్నాన్న కొడుకు ఉరుకుందుకు ఫోన్ చేశాను. ఇల్లు తాళం వేసి పెళ్లాంతో కలిసి గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపేదానికి పోయాడట.

"బొమ్మ ఇంట్లో ఉందా తమ్ముడూ? బీగం చెవి ఎవరికిచ్చినావు?"

"బొమ్మ మా కాడే ఉందక్కా. గుడిసెలో తడికెకు కట్టుకున్నాం. ఈడ చెట్టనేదే లేదు, యాడ చూసినా మిరపే. ఏమిటికక్కా?"

"ఏం లేదు. బాగుందా అని అడుగుతాండా, అంతే."

"బాగుంది. రోజూ చూస్తాం."

ఫోన్ పెట్టేశాక ఇంకెవరికి చేయాలో నాకు తోచలేదు. సామ్సన్ బండి స్టార్ట్ చేయకుండా దాని మీద అలాగే కూర్చున్నాడు.

"పోదాం పా" అన్నాను.

"యాటికి?"

"ఇంటికే. దారిలో దేవేంద్రప్ప మామ ఇల్లుంది కదా. ఆయన దగ్గరుండేది మొదటి అచ్చు. అదన్నా అడుగుదాం."

దేవేంద్రప్ప మాకు చుట్టమేమీ కాదు. ఆదోని దారిలో ఆయన చేను గట్టున ఉన్న తుమ్మచెట్టునే సామ్సన్ రోడ్డు మీద నిలబడి గీశాడు. అందుకే మొదటి అచ్చు ఆయనకిచ్చి పెళ్లికి పిలిచాడు. చేలోనే ఇల్లు. వసారాలో మంచం మీద కూర్చొని గడ్డం గీసుకుంటున్నాడు.

గోడకు అద్దం ఉంది. మా బొమ్మ అద్దం పక్కన లేదు, అద్దానికి ఎదురుగా, స్తంభానికి మేకు కొట్టి తగిలించి ఉంది.

"ఏం మామా, బొమ్మను అట్ల పెట్టినావు?" అన్నాడు సామ్సన్.

"నువ్వు తప్పు గీసినావు కదప్పా! నా చెట్టు పుట్టినకాడ నుంచి ఎమ్మిగనూరు దిక్కు వాలింటాది. ఆషాఢం గాలికి వంగింది అది. నువ్వేమో ఆదోని దిక్కు వాల్చినావు. పెండ్లికొడుకువని ఆరోజు ఏమీ అనలేదు."

"అచ్చులో అట్లే తిరగబడతాది మామా. కుడి ఎడమైతాది."

"అయితే కానీ. నేను దారి కనుక్కున్నా కదా. ఈడ కూచోని అద్దంలో చూడు."

సామ్సన్ మంచం మీద కూర్చున్నాడు. నేనూ వంగి చూశాను. అద్దంలో చెట్టు సరిగ్గా రోడ్డు మీద నుంచి కనిపించేట్టే, ఎమ్మిగనూరు వైపు వాలి నిలబడింది. సగం నురగ ఉన్న దేవేంద్రప్ప ముఖం దాని పక్కన నవ్వుతోంది.

"రోజూ గడ్డం గీసుకోను కానీ, రోజూ ఈడ కూచుంటా" అన్నాడు. "ఇంతకూ ఏం పని మీద వచ్చినారు?"

అడగాల్సింది నేను. నా ముఖమే పెడతానన్నాను కదా. నోరు తెరిచాను. సామ్సన్ మంచం కింద నా కాలు తొక్కాడు.

"ఏం లేదు మామా. చెట్టును చూసి పోదామని" అన్నాడు.

లేచి చేలోకి నడిచాడు. నేను వెనకే పోయాను. చెప్పులకు నల్లరేగడి మన్ను అంటుకొని కాళ్లు బరువెక్కాయి. పత్తిచెట్ల మధ్య నుంచి చెట్టు అవతలికి పోయి, రోడ్డుకు ఎదురుగా నిలబడ్డాడు. ఇటు నుంచి చూస్తే చెట్టు వాలింది ఎడమ చేతి వైపు.

"మౌనీ, ఈడ్నించి గీస్తే?"

ఎడమకు వాలిన చెట్టు అచ్చులో కుడికి వాలుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లు చూసే చెట్టు అవుతుంది. అర్థమయ్యేసరికి నేను అతని చెయ్యి పట్టుకొని ఊపేశాను. పట్టేసిన కుడిచెయ్యే అది. అబ్బా అన్నాడు.

అక్కడే గట్టు మీద కూర్చొని హైదరాబాదుకు ఫోన్ చేశాడు.

"మేడం, ఆ పలక అరిగిపోయింది. దాంట్లో ఇంక ఆ నలుపు రాదు. అదే చెట్టును కొత్తగా గీస్తాను, అవతలి పక్క నుంచి. మీరు చూసిన బొమ్మ మాత్రం కాదు. ముందే చెప్తున్నాను."

నేను గడ్డి పీకుతూ కూర్చున్నాను.

"నలుపు అదే వస్తుందా?" అందామె.

"కొత్త పలక మేడం. ఇరవై దాకా వస్తాది."

"బుధవారం దాకా గోడ ఖాళీగా ఉంచుతాను. చూశాకే మాటిస్తాను. సరేనా?"

"సరే మేడం."

మాట ఇవ్వలేదు, గోడ మాత్రం ఉంది. తిరిగి ఇంటి దగ్గరికి వచ్చి దేవేంద్రప్పకు సంగతి చెప్పాం. మొదటి అచ్చు మళ్లీ ఆయనకే ఇవ్వాలని సామ్సన్‌కు ఉంది, నాకు తెలుసు. కానీ ఇరవైలో ఒకటి తగ్గినా గోడ నిండదు. అతను నసుగుతుంటే దేవేంద్రప్పే అందుకున్నాడు.

"నాకొద్దులేప్పా. నాకు అద్దం అలవాటైంది. రేపు ఆ సాళ్లలో పత్తి తీసేకి కూలోళ్లు వస్తారు. వాళ్లు వచ్చేలోపల గీసుకోండి."

"రేపు ఆదివారం" అన్నాను. "అత్త ప్రార్థనకు రమ్మంటాది."

"సాయంత్రం ప్రార్థనకు పోదాం. అమ్మకు నువ్వే సెప్పు, నీ మాటైతే ఇంటాది" అన్నాడు సామ్సన్. అని, పొద్దున్నించి మొదటిసారి గట్టిగా ఆవులించాడు. "తెల్లారేలోపల ఈడ ఉండల్ల. నేను దబ్బనం నూరి పెట్టుకుంటా. నువ్వు గొడుగు తీసుకో, పలక మీద ఎండ పడితే గీతలు కనపడవు. నీ వేళ్లు అచ్చు పడిన ఆ తెల్లచొక్కా కూడా తీసిపెట్టు, అదే వేసుకుంటా."