ఒబ్దూలియా చెరిపిందన్న వాంగ్మూలాలు

పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న నలభై రెండు రోజులకు ఒబ్దూలియా ఝినీన్ తిరిగి ఆఫీసుకు వచ్చి కంప్యూటర్ తెరిచింది. తెర కొత్త మెషీన్‌లా బోసిగా ఉంది. మూడేళ్ళుగా ఆమె టైపు చేసిన వాంగ్మూలాల్లో ఒక్కటీ లేదు.

మాది అసోగెస్ పట్నంలో జనన నమోదు కార్యాలయం. కొండ ఊళ్ళలో పుట్టిన తేదీ ఏ కాగితం మీదా లేని ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ కరువు ఏడాది పుట్టారో, ఎవరి పెళ్ళైన వారంలో పుట్టారో, ఏ చేను గట్టున అమ్మకు నొప్పులొచ్చాయో కిచ్వాలో చెబుతారు. ఆ భాష వచ్చిన ఉద్యోగి మా దగ్గర ఒబ్దూలియా ఒక్కతే. ఆమె విని, స్పానిష్‌లో రాసి దాచేది. సర్వర్‌లో చోటివ్వమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. టైపిస్టుకు సర్వర్ ఎందుకన్నారు. దాంతో అన్నీ తన మెషీన్‌లోనే ఉంచుకుంది.

ఫైళ్ళు పోయాయని తెలిసిన మర్నాడే డిప్యూటీ డైరెక్టర్ ఫాబ్రిసియో పేసాంతెస్ ఆమెకు మెమో ఇచ్చాడు. సెలవు పొడిగించలేదన్న కక్షతో ప్రభుత్వ పత్రాలు ధ్వంసం చేసిందట. శుక్రవారం విచారణ.

ఆమె ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది. నేను ఆ ఆఫీసు నెట్‌వర్క్ చూసేదాన్ని.

"న్యాన్యా లుజ్‌మిలా," అంది. ఇక్కడ అక్కనైనా చెల్లినైనా అలాగే పిలుస్తారు. "కుట్లు మానకుండా వచ్చి నా పని నేనే చెరుపుకుంటానా? నాకేమన్నా పిచ్చా?"

"కూర్చో ముందు. పొట్ట పట్టుకుని నిలబడకు."

"కూర్చోను. కూర్చుంటే ఏడుస్తాను."

ఆఫీసులో అన్ని మెషీన్లూ ఎలా నడుచుకోవాలో ఒకే చోట రాసి పెడతాం. ఆ నియమాలనే పాలసీ అంటారు. ఆ పేజీ తెరిచి చూశాను. ఫైళ్ళు చెరిపే నియమం ఏదీ లేదు. అయితే పాలసీని చివరిసారి మార్చిన తేదీ నిన్నటిది. నేను నిన్న దాన్ని ముట్టుకోలేదు. నేను కాక దాన్ని మార్చగలిగేవాడు పేసాంతెస్ ఒక్కడే.

తెర మీద చూసేది ఈ రోజు ఉన్న స్థితి మాత్రమే. అందుకే ప్రతి శుక్రవారం ఆ సెట్టింగులన్నీ ఒక రిపోర్టుగా తీసి దాచడం నాకు పదకొండేళ్ళ అలవాటు. ఆరు వారాల కిందటి రిపోర్టు తెరిచాను. ఉంది. ముప్పై రోజులు ఎవరూ వాడని ఖాతాలను, మెషీన్ మళ్ళీ మొదలైనప్పుడు, లోపలున్న ఫైళ్ళతో సహా చెరిపెయ్యాలి. దాని పక్కన, పెట్టినవాళ్ళు రాసుకున్న వ్యాఖ్య: "డిస్కులు నిండిపోతున్నాయి. డిప్యూటీ డైరెక్టర్ గారి నోటి ఆదేశం." బయటినుంచి ఆయన తెచ్చుకుని, తన పాస్‌వర్డ్ ఇచ్చిన కాంట్రాక్టరు పని అది. ఆ తర్వాతి శుక్రవారాల రిపోర్టులన్నిటిలోనూ ఆ నియమం ఉంది. నిన్న మాయమైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు అతని మీద, ఆ వెంటనే నా మీద. ఆరు శుక్రవారాలూ ఆ రిపోర్టులు నా చేతులతో నేనే దాచాను. ఒక్కటీ తెరిచి చదవలేదు. చదివుంటే ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఆపేదాన్ని. ఆ మాట ఒబ్దూలియాకు చెప్పేశాను.

"నిన్ను తర్వాత తిడతాను," అంది. "ముందు అది ప్రింటు తియ్యి."

విచారణలో డైరెక్టరమ్మ నోర్మ ఆవిలా బల్లకు ఆ చివర కూర్చుంది. మా దగ్గర పెద్దవాళ్ళను డాక్టర్, ఇంజనీరు అని చదువు పేరుతోనే పిలుస్తారు. పేసాంతెస్ పాలసీ పేజీని గోడ మీద వేసి చూపించాడు. "చూడండి డాక్టర్ గారూ, చెరిపే నియమం ఎక్కడుంది? మెషీన్ దానంతటది చెరపదు. మనిషే చెరపాలి."

నేను ప్రింట్లు బల్ల మీద పెట్టాను. ఆయన చివరిదాకా చదవలేదు.

"ఇది ఎవరైనా మార్చగల ఫైలు. నీ స్నేహితురాలి కోసం రాత్రికి రాత్రి రాసుకుని ఉంటావు."

"ఇంజనీరు గారూ, నేను దాచి ఊరుకోలేదు. ప్రతి శుక్రవారం మీకూ, డైరెక్టరమ్మకూ మెయిల్ పంపాను. అలా పంపమన్నది మీరు పెట్టిన రూలే కదా?"

డైరెక్టరమ్మ తన ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుంది. వెతికింది. ఆరూ ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. మొదటిది తెరిచి, వ్యాఖ్య ఉన్న చోట వేలు ఆపింది.

"ఫాబ్రిసియో, ఇది నీ ఆదేశమేనా?"

"డిస్కులు నిండాయి కదండీ... ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా."

డైరెక్టరమ్మ గోడ మీది పేజీలో మార్చిన తేదీ చూపించింది. "మరి ఫైళ్ళు పోయాయని తెలిసిన రోజే ఎందుకు తీసేశావు?"

ఆయన ప్రొజెక్టర్ ఆపేశాడు. డైరెక్టరమ్మ గుమస్తా వైపు తిరిగి, "సాంకేతిక కారణాల వల్ల ఫైళ్ళు పోయినట్టు రాయండి. మెమో రద్దు," అంది.

అప్పుడు లేచింది ఒబ్దూలియా. "నా పేరు మీద 'ధ్వంసం చేసింది' అని పూర్తి వాక్యం రాశారమ్మా. ఆయన దగ్గరకొచ్చేసరికి కారణం సాంకేతికం అయిపోయిందా? కొండ మీదివాళ్ళ మాటలు కాబట్టే కదా చెత్తలా ఊడ్చేశారు? మీ పింఛను కాగితాలైతే అలా ఊడ్చేవారా? ఎవరు చెరిపించారో రాయండి. రాసేదాకా కూర్చోను."

ఆమె అరగంట నిలబడింది. నేనూ పక్కన నిలబడ్డాను. చివరికి గుమస్తా పేసాంతెస్ పేరు రాశాడు. డైరెక్టరమ్మ సంతకం పెట్టింది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు నెలలకు పేసాంతెస్‌ను క్వెంకా నగరానికి, ఇంకా పెద్ద కుర్చీకి పంపారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆమె మెషీన్‌లోంచి ఏమీ వెనక్కి రాలేదు. అందుకని ఒబ్దూలియా మళ్ళీ ఊళ్ళకు బయలుదేరింది. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. వాంగ్మూలమిచ్చిన ముప్పై ఒక్క మందిలో నలుగురు అప్పటికే చనిపోయారు. కిచ్వాలో మామా అంటే అమ్మ. ఐదో ఊళ్ళో మామా త్రాన్సితో అనే ముసలామె వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒబ్దూలియా జరిగింది చెప్పింది.

ఆమె తలెత్తలేదు. "పుట్టానని మీకు ఎన్నిసార్లు చెప్పాలే? మీ ఎదురుగా కూర్చున్న నన్ను చూస్తే తెలీట్లేదా?" ఒబ్దూలియా ఆ కిచ్వా మాటలను నాకు స్పానిష్‌లో చెబుతూ తల దించుకుంది.

ముసలామె మళ్ళీ చెప్పింది గానీ, క్లుప్తంగా చెప్పింది. మొదటిసారి తనకంటే ముందు పుట్టి పోయిన అన్న గురించి చాలాసేపు మాట్లాడిందని ఒబ్దూలియాకు గుర్తు.

"అన్న పేరేమిటి మామా?" అని అడిగింది.

"అది నీకు అప్పుడే చెప్పాను," అని ఒలిచిన చిక్కుళ్ళ గిన్నె ఎత్తుకుని ముసలామె లోపలికి వెళ్ళిపోయింది.