ఎవరి క్రేన్ ఎవరి నెత్తిన

నాకు క్రేన్ నడపడం వచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు జరిగింది వింటే ఈవిడకి ఏమీ రాదనుకుంటారు. ఇనుప గొట్టాల యార్డులో, మేడంత ఎత్తున, అగ్గిపెట్టెలాంటి క్యాబిన్‌లో కూర్చుని ఏళ్ల తరబడి నడిపాను. కింద గొట్టాల కట్టలకి గొలుసులు చుట్టి కొక్కేనికి తగిలించేది మా ఆయన. ఇంట్లో ఆయన మాట వింటానో లేదో గానీ, యార్డులో ఆయన తల చూడనిదే లివర్ ముట్టుకునేదాన్ని కాదు.

తల అంటే నిజంగా తలే. గొలుసు తగిలించాక ఆయన నడుముకున్న పరికరం మీద పచ్చ బటన్ నొక్కుతాడు, నా దగ్గర పచ్చ లైటు వెలుగుతుంది. రూలు ప్రకారం అది చాలు, నేను ఎత్తేయవచ్చు. కానీ ఆయనకి చాదస్తం. బటన్ నొక్కాక కూడా చెయ్యి పెట్టి ఓసారి గొలుసు గుంజి చూసుకుంటాడు. ఆ తర్వాత వెనక్కి వచ్చి, హెల్మెట్ తీసి, బట్టతల నాకు చూపిస్తాడు. ఎండలో అది తళుక్కుమంటేనే నేను ఎత్తాలి. ఇది మా ఇద్దరి ఒప్పందం. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని కూడా తోచలేదు.

ఇంతలో దేశమంతటా కొత్త నెట్‌వర్క్ వచ్చింది. ఫోన్లలో సినిమాలు చూసుకోవడానికి కాబోలు అనుకున్నాం. మా యార్డులోనూ టవర్ లేచింది, దాని వెనకే ఒక ఇంజనీరు దిగాడు. ఏం అడిగినా "రెప్పపాటు కూడా పట్టదమ్మా" అనేవాడు. అందుకని మేం ఆయనకి రెప్పపాటు సారు అని పేరు పెట్టాం. ఇకమీదట క్యాబిన్ ఎక్కనక్కర్లేదు, ఆఫీసు మేడ మీద ఏసీ గదిలో తెరలు చూస్తూ నడపొచ్చు అన్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఆ పొద్దున గేటు దగ్గర మా ఆయనతో, "ఇవాళ్టి నుంచి నేను మేడ మీద మహారాణిని" అన్నాను.

"ఆ చల్లదనానికి కునుకు తీసి నా నెత్తిన మాత్రం పడెయ్యకు" అన్నాడాయన.

కుర్చీ బాగానే ఉంది. లివర్లు పాతవాటిలాగే ఉన్నాయి. ఎదురుగా తెరలు, పక్కన కిటికీ. కిటికీలోంచి మా యార్డు, మా క్రేన్, వేలంత మా ఆయన. తెరల్లోనూ యార్డే, అదే పసుపు రంగు క్రేన్, అవే గొట్టాలు, కింద హెల్మెట్ పెట్టుకున్న మనిషి. పచ్చ లైటు వెలిగింది. హెల్మెట్ తీస్తాడని చూశాను. తియ్యలేదు. తెరకి ముక్కు ఆనించి చూశాను. తియ్యడే. పొద్దున కాఫీ చల్లారిపోయిందని అలిగాడా, లేక నన్ను ఏడిపిస్తున్నాడా? ఒళ్లు మండింది. అతను పక్కకి తప్పుకున్నాక ఇక లాభం లేదని మెల్లగా ఎత్తాను.

కుర్చీ కదల్లేదు. క్యాబిన్‌లో అయితే బరువు లేవగానే పాదాలకి తెలిసేది. ఇక్కడ పాదాల కింద తివాచీ ఉంది. నేను ఎత్తానా, ఎత్తినట్టు సినిమా చూస్తున్నానా, ఏమీ అర్థం కాలేదు. దానికి తోడు తెర మీద చారలు.

"సారూ, కెమెరాలో నీళ్లు కారుతున్నాయి."

"వాన పడుతోందమ్మా."

కిటికీ బయట ఎండ మాడ్చేస్తోంది. "ఎక్కడండీ వాన?"

"మీరు నడిపే యార్డులో."

"నేను నడిపేది ఇదిగో, ఈ కిటికీలో యార్డు కదా?"

ఆయన నవ్వాడు. "ఇది కాదమ్మా. మీరు నడిపేది ఇక్కడికి రైల్లో ఒక రోజు ప్రయాణం. దేశమంతా ఒకటే నెట్‌వర్క్ కదా, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి సిస్టమే పని పంచుతుంది. నిన్న చెప్పాను కదా."

చెప్పే ఉంటాడు. రెప్పపాటు తప్ప నా బుర్రకేదీ ఎక్కలేదు.

"మరి ఈ కిటికీలో క్రేన్ ఎవరు నడుపుతున్నారు?"

"ఎవరో ఒకరు. చూసి చెప్పాలి."

కిటికీ వైపు తిరిగాను. బయట మా ఆయన కట్ట మీదికి వంగి ఉన్నాడు. చెయ్యి గొలుసులో ఉంది. పచ్చ బటన్ నొక్కేసి ఉంటాడు. పైనున్నది నేనే, తల చూపించేదాకా కదలదు అని ఆయన ధీమా. కట్ట లేచింది.

"ఆపండి" అని అరుస్తూ ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాను. బయట కట్ట ఇంకా లేస్తూనే ఉంది.

"ఏది ఆపాలమ్మా?" అన్నాడు సారు.

నేను ఆపింది నా క్రేన్‌ని, ఎక్కడో వానలో. లేచి వెళ్లి కిటికీ అద్దం మీద రెండు చేతులతో బాదాను. అంత దూరానికి ఏం వినిపిస్తుంది? నాకు ఏడుపొచ్చేసింది.

జానెడు లేచి ఆ కట్ట ఆగింది. ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన చెయ్యి లాక్కుని వెనక్కి వచ్చాడు. తల ఎత్తి మా మేడ వైపు చూసి, గబగబా మెట్ల వైపు నడిచాడు.

గదిలోకి వచ్చేసరికి రొప్పుతున్నాడు. చేతి తొడుగు చిరిగి వేళ్లు కనిపిస్తున్నాయి. మొహం మాత్రం నవ్వుతోంది.

"తొందరపడితే పడ్డావు గానీ, నువ్వు కాబట్టి చూసి ఆపావే. ఇంకొకరైతే ఈపాటికి నా చెయ్యి పోయేది."

"ఆపింది నేను కాదండీ. అసలు ఎత్తిందీ నేను కాదు."

ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. నవ్వు పోయింది. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"మరెవరు?"

"తెలీదండీ. ఏ ఊళ్లో కూర్చున్నారో కూడా తెలీదు."

కాసేపు తన వేళ్లకేసి చూసుకున్నాడు. "మరి నువ్వెవరి మీద ఎత్తావు?" అన్నాడు.

చప్పున తెర వైపు తిరిగాను. నా కట్ట వానలో గాలిలోనే వేలాడుతోంది. ఎందుకు ఆగిపోయిందా అనుకున్నాడు కాబోలు, ఆ మనిషి సరిగ్గా దాని కిందికే వచ్చి, ఖాళీ క్యాబిన్ వంక చూస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఎత్తమంటున్నాడో, దించమంటున్నాడో, ఏమైందని అడుగుతున్నాడో. నిన్నటిదాకా అందులో కూర్చున్నది అతని అన్నో, వదినో, ఎవరో.

తెర పక్కన ఆ యార్డుకి వినిపించే మైకు ఉంది, నొక్కాను. "బాబూ, పైన మీవాళ్లెవరూ లేరు. నేను వేరే ఊరిదాన్ని. నీ సైగ నాకు తెలీదు. పక్కకి జరుగు నాయనా. నువ్వు జరిగేదాకా నేను దేన్నీ ముట్టుకోను."

అతను ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. మళ్లీ క్యాబిన్ వైపు చూశాడు. ఆ తర్వాత జరిగాడు.

మా ఆయన ఎప్పుడు లేచాడో, నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

"ఇంకాస్త జరగమను" అన్నాడు.