చెయ్యి జారే మాక్రో

సీతారామాంజనేయులు గారు పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టలేదు. అయినా ఏలూరు కాలేజీలో చేపల ప్రొటీన్ల గురించి ఆయన చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. కొల్లేటి చేపలు ల్యాబ్‌కి వచ్చిన రోజున ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి పాఠం చెబుతారు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: చేత్తో చెయ్యని పని పనే కాదు. అడిగినవాళ్ళకి జాతకాలు కూడా రాసిస్తారు, నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ. "కంప్యూటర్ జాతకానికి ప్రాణం ఉండదండీ" అంటూ స్టాఫ్‌రూములో సగం పెళ్ళిళ్ళు ఆయనే కుదిర్చారు.

అలాంటి మనిషి చేతిలో పడింది మృదుల.

తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చి చదువుకునే పిల్ల. కొర్రమీను, శీలావతి, బొచ్చె, వాలుగ, ఇలా కొల్లేటి చేపల హిమోగ్లోబిన్‌ని పోల్చి చూడడం ఆమె ఎమ్మెస్సీ ప్రాజెక్టు. కాగితం మీద ప్రొటీన్ అంటే అక్షరాల వరసే. ఒక్కో చేపది ఒక్కో వరసగా, పోలికలు కలిసేలా, ఒకదాని కింద ఒకటి ఎక్సెల్‌లో పేర్చాలి. ఆపైన అక్షరం గుణాన్ని బట్టి గడికి రంగు వెయ్యాలి. నీటితో పొసగేవాటికి నీలం, పొసగనివాటికి పసుపు, ఇలాగన్నమాట. అప్పుడు ఏ చేప ఎక్కడ దారి మళ్ళిందో కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

"గడి గడికీ చేత్తోనే వెయ్యాలమ్మా. మాక్రోలూ గీక్రోలూ అన్నావంటే రికార్డు మీద సంతకం పెట్టను" అన్నారు మాస్టారు.

సంతకం లేకపోతే సోమవారం వైవాకి కూర్చోనివ్వరు. వైవా పోతే ఏడాది పోయినట్టే. అంతకు ముందు చదివినవాళ్ళు ఏడ్చుకుంటూ వేశారు. మృదులకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, ఎక్సెల్ తనంతట తానే రంగులు వేసుకుపోయేలా ఓ మాక్రో రాసింది. మీట నొక్కగానే షీటంతా రంగులు పరుచుకున్నాయి.

చిక్కల్లా అక్కడే వచ్చింది. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతే ఎవరు నమ్ముతారు? అద్దాల తలుపులోంచి మాస్టారు వచ్చిపోతూ చూస్తూనే ఉంటారాయె. అందుకని మాక్రోకి మనిషి లక్షణాలు నేర్పింది. ఒక గడికి రంగు వేస్తుంది, ఆగుతుంది, ఆలోచిస్తున్నట్టు నటిస్తుంది. ఉండుండి తప్పు రంగు వేసి, కాసేపటికి నాలిక్కరుచుకున్నట్టు దిద్దుకుంటుంది. బద్ధకం మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు గానీ, కంప్యూటర్‌కి నేర్పడానికి మాత్రం ఆ పిల్ల నానా తంటాలూ పడింది.

ఇక మౌసు మీద చెయ్యేసి కూర్చుని పాటలు వినడమే పని. మాస్టారు తలుపు దగ్గర ఆగి, తృప్తిగా తలాడించి వెళ్ళేవారు.

శుక్రవారం వాన పట్టుకుంది. స్నేహితురాలు పింకీ వచ్చి, "క్యాంటీన్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్నారే, వస్తావా రావా?" అంది. మాస్టారు క్లాసులో ఉన్నారు కదాని మృదుల లేచింది. మాక్రోని ఆపాలన్న ధ్యాసే లేదు.

తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలో మాస్టారు. చేతులు కట్టుకుని, సినిమా చూస్తున్నట్టు తెర వంక చూస్తున్నారు.

"రామ్మా. బజ్జీలు బావున్నాయా?"

మృదుల నూనె చేతులు వెనక్కి దాచుకుంది.

"ఇది లైసీన్ కదా, నీటితో పొసగేది, పసుపు పడిందేవిటి?"

"పొరపాటండీ. చెయ్యి జారిందండీ."

"నువ్వు క్యాంటీన్లో ఉండగా జారిందా?"

సరిగ్గా అప్పుడే ఆ పసుపు గడి తనంతట తానే నీలంగా మారింది. మృదులకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "తప్పైపోయిందండీ. మొత్తం మళ్ళీ చేత్తో వేస్తానండీ. ఏడాది పోతే ఇంక ఇంట్లోవాళ్ళు చదివించరండీ."

మాస్టారు లేచారు. వరండాలోకి ఓసారి తొంగి చూసి తలుపు వేశారు. సంచీలోంచి ఒక జాతకం తీసి ఆమె చేతిలో పెట్టారు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో ముత్యాల్లాంటి చేతిరాత.

"పెదపాడు సంబంధం. పెళ్ళికొడుకు తాతగారు తిప్పి పంపేశారు. 'ఏవండీ, ఇన్ని కాగితాల్లో ఒక్క కొట్టివేత కూడా లేదేవిటండీ' అన్నారుట."

మృదుల కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది. ప్రతి 'క' తలకట్టూ ఒకేలా ఉంది, అచ్చు గుద్దినట్టు. కంప్యూటర్లో అచ్చు గుద్దిందే.

"అంటే మాస్టారూ, మీరు కూడా..."

"వేళ్ళ నొప్పులమ్మా" అన్నారాయన కిటికీ వైపు తిరిగి. "చాలా ఏళ్ళే అయింది. ఇంతకీ ఆ చెయ్యి జారే ముక్క ఉందే, అది నా ఫైల్లో పెట్టడం కుదురుతుందా?"

మృదులకి ప్రాణం లేచొచ్చింది. రికార్డు తెరిచి, పెన్ను మూత తీసి, ఎంతో వినయంగా ఆయన ముందు పెట్టింది.

"కుదురుతుందండీ. ముందు సంతకం అండీ."

మాస్టారు ఆమె వంక గుర్రుగా చూశారు. ఆ తర్వాత సంతకం పెట్టారు, చేత్తోనే. సంచీ సర్దుకుని, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించారు.

"కొట్టివేతలు నీ ఇష్టం. గ్రహాల జోలికి మాత్రం పోనివ్వకమ్మా. కుజుడు గానీ చెయ్యి జారి పక్క గడిలో పడ్డాడంటే, ఆ పెళ్ళి మళ్ళీ నేను కుదర్చలేను."