మెడలో పూడిక

మా ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో కాఫీ కంటే ముందు పోట్లాట మరుగుతుంది. మెడ ధమనిలో పేరుకున్న కొవ్వు పూడికను ఎలా తీయాలన్నదే ఆ పోట్లాట. పెద్ద డాక్టర్ తిహోమీర్ ధమనిని నిలువుగా కోసి, పూడిక తీసి, పైన మాసిక వేసి కుడతాడు. ఆయన శిష్యురాలు దుబ్రావ్కా దాన్ని మొదలు దగ్గరే అడ్డంగా తెంచి, చొక్కా చెయ్యి తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పి, పూడిక ఊడదీసి, మళ్ళీ అదే చోట కుట్టేస్తుంది.

"పరాయి గుడ్డ మాసికెందుకు సార్?" అంటుందామె.

"మధ్యలో మెదడుకి రక్తం చాలకపోతే? నా పద్ధతిలో రక్తం పారడానికి ట్యూబు చటుక్కున దూర్చేస్తా. నువ్వు తెంచిన ముక్క పట్టుకుని దిక్కులు చూస్తావు" అంటాడాయన.

ఇద్దరి రోగులూ ఇంచుమించు ఒకేలా కోలుకుంటారు. ఆ మాటంటే ఇద్దరికీ నా మీదే కోపం. మా సెర్బుల్లో ఓడిపోయానని ఒప్పుకునేవాడు ఇంకా పుట్టలేదు.

చలికాలం ముందు వుకాషిన్ అనే పెద్దాయన బెల్‌గ్రేడ్‌లోని మా ఆస్పత్రికి వచ్చాడు. చాచక్ దగ్గర కొండల్లో ప్లమ్ పళ్ళతో రకియా అనే సారా కాస్తాడు. ఒకరోజు భోజనం మధ్యలో మాట పడిపోయి, కాసేపటికి తిరిగొచ్చిందట. ఎడమ ధమని దాదాపు మూసుకుపోయింది. వదిలేస్తే పక్షవాతమే.

"చెయ్యి పోయినా ఫర్లేదు స్లావ్యాంకా" అన్నాడు నాతో. "మాట పోకూడదమ్మా. మాట లేని మనిషిని పొయ్యి పక్కన కూర్చోబెట్టి మర్చిపోతారు. మా నాన్నని మేం అలాగే చేశాం."

మేం మెడకే మత్తు ఇస్తాం. మనిషి మెలకువగానే ఉంటాడు. రక్తం ఆపడానికి ధమనికి క్లిప్పు పెట్టాక కుడిచేత్తో రబ్బరు బాతుని నొక్కుతూ, మాట్లాడుతూ ఉండాలి. బాతు కూసినంతసేపూ మెదడు బాగున్నట్టే. మాట్లాడించడం నర్సుగా నా పని.

దుబ్రావ్కా క్లిప్పు పెట్టింది. బాతు కూసింది.

"చెప్పు బాబాయ్, రకియా ఎలా కాస్తావు?" అన్నాను.

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం. పళ్ళు ఎన్నాళ్ళు పులియాలో, మంట ఎంత సన్నగా ఉండాలో అంతా చెప్పుకొచ్చాడు. ఈలోగా దుబ్రావ్కా ధమనిని తెంచి తిరగేయడం మొదలుపెట్టింది.

"బట్టీ దగ్గర నీకు సాయం ఎవరుంటారు?" అని అడిగాను.

"ఒకప్పుడు మా తమ్ముడు మిలాదిన్..." అన్నాడు. అంతే. ఉలుకూ పలుకూ లేదు. బాతు కూడా ఆగిపోయింది.

"బాబాయ్, నొక్కు."

నొక్కలేదు. దుబ్రావ్కా చేతుల్లో ధమని సగం తిరగబడి ఉంది. ఆ స్థితిలో ట్యూబు పెట్టడం తేలిక కాదు. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. వెనక నిలబడ్డ తిహోమీర్ వైపు మాత్రం చూడలేదు.

"నేను చెప్పలేదా" అంటాడనుకున్నాను. ఆయన అనలేదు. పక్కకొచ్చి ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు కానివ్వు అమ్మాయ్. కావాలంటే ఇదుగో, ఇద్దరం కలిసి పెడదాం" అని నా వైపు తిరిగాడు. "చివర ఏమన్నాడు?"

"తమ్ముడి పేరు. మిలాదిన్ అని."

తిహోమీర్ కూడా ఆ కొండల మనిషే. పెద్దాయన ముఖం మీద కప్పిన గుడ్డ వైపు కాస్త వంగి, తీరిగ్గా అన్నాడు: "అవునులే వుకాషిన్, చాచక్‌లో అందరూ మిలాదిన్ రకియానే మంచిదంటారు."

"ఎవడిదీ?" అంది గుడ్డ కింద నుంచి గొంతు. "వాడిదా? అది గిన్నెలు కడిగిన నీళ్ళు."

బాతు మళ్ళీ కూసింది, ఈసారి కోపంగా.

"ఏం లేదు, అలిగాడు" అన్నాడు తిహోమీర్. "మావైపు అలిగితే ఇంతే, చచ్చినా నోరు విప్పరు."

దుబ్రావ్కా మిగతా ధమనిని తిరగేసింది. పూడిక మొత్తం ఒక్క ముక్కగా ఊడివచ్చింది. "చూడండి సార్, అంచు ఎంత శుభ్రంగా ఉందో."

"బాగుంది" అన్నాడాయన. ఆ మాట ఆయన నోట రావడం నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం కట్టు చూడ్డానికి వార్డుకెళ్ళి, పెద్దాయన్ని నాలుగు తిట్టాను. నాకు నిజంగానే ఒళ్ళు మండిపోయింది. "అంత మొండితనమేంటి బాబాయ్? మా ప్రాణాలు తోడేశావు."

"మాట పోయిందనుకున్నారా?"

"పోయిందనే అనుకున్నాం."

"పొలం గట్టు దగ్గర మొదలైంది మా గొడవ. అమ్మని పూడ్చేటప్పుడు కూడా గోతికి చెరోవైపు నిలబడ్డాం" అన్నాడు. తర్వాత నా ఫోన్ అడిగి, వెతుక్కోకుండా నంబరు నొక్కాడు.

"ఎవరూ?" అంది అవతల ఒక ముసలి గొంతు.

వుకాషిన్ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. నాకు మళ్ళీ భయం వేసి కుడిచెయ్యి పట్టుకున్నాను. ఆయన గట్టిగానే పట్టుకున్నాడు.

"ఎవరండీ?"

"నేనేరా మిలాదిన్" అన్నాడు. "అన్నయ్యని. మాట్లాడుతున్నాను."