అద్దం మీద బొట్టు

ముత్యాలప్పకు లారీ తోలడం రాదని ఎవరన్నా అంటే వాని నోట్లో మన్ను పడ! పదహైదేండ్లు తాడిపత్రి బండలేసుకోని బొంబాయి దాకా, కొచ్చిన్ దాకా తోలిన మనిషి. ఎంతటి ఘాటు రోడ్డులో గూడా గీత దాటని మనిషి. అట్లాంటోడు అనంతపురంలో డ్రైవింగు స్కూలు లారీ ఎక్కి, మొదటి రోజే స్టీరింగును రెండు చేతుల్తో రొమ్ముకాడికి గుంజుకుంటా "హో... హో..." అని అరిచినాడు.

లారీ నిలబడ్తాదా? అదేమన్నా ఎద్దా? నేరుగా పోయి మైదానం అంచున ఉండే కంపచెట్లలో మూతి పెట్టింది. పక్కన కూసున్న శశికుమార్ తన కాలి కింద ఉండే రెండో బ్రేకు తొక్కబట్టి సరిపాయె గానీ, లేకుంటే ఆ పొద్దు ఇద్దరూ ముండ్లు ఏరుకుంటా ఉండల్ల.

"ఏమన్నా, బ్రేకు తొక్కమంటే పాట పాడ్తాండావు?" అన్నాడు శశికుమార్. ఆ స్కూల్లో నేర్పేటోడు ఆ పిల్లోడే. నడుముకు సెల్లు ఫోను తగిలిచ్చుకోని తిరుగుతాడు, ముప్పై ఏండ్లు గూడా ఉండవు.

"పాట కాదప్పా, అలవాటు" అన్నాడు ముత్యాలప్ప తల దించుకోని.

తప్పు ఆయనది కాదు, కాలానిది. తొమ్మిదేండ్ల కింద నాయన పోతే, కంబదూరు దగ్గరుండే ఊర్లో ఆరెకరాల చేను చూసుకునేటోడు లేక, స్టీరింగు వదిలి మేడి పట్టినాడు. బోరులో నీళ్లున్నన్నాళ్లూ రాజే. ఆ మీద బోరు ఎండె, శెనక్కాయ ఎండె, వరసగా మూడేండ్లు వాన మొగం చాటేసె. మేపలేక ఎద్దుల్ని అమ్మేసినారు. కొనేటోడు లేక బండి మాత్రం ముంగిట్లో నొగలు నేలకానిచ్చి పడుండాది.

ఊర్లో సగం ఇండ్లకు తాళాలు. మొగుడూ పెండ్లాలు మూట కట్టుకోని బెంగుళూరికి పోయి సిమెంటు మోస్తాండారు. కూలోళ్లను తోలుకుపోయే మేస్త్రీ ఒగడు వాకిట్లో నిలబడి, "ఏమప్పా ముత్యాలప్పా, మీ ఇద్దర్ని గూడా పిలుచుకోని పోదునా? ఐదంతస్తుల బిల్డింగు. మీ ఆడమనిషి పైకి సిమెంటు బాండ్లి మోసినా చాలు" అనిపాయె.

 ముత్యాలప్ప పెండ్లాం కదిరమ్మకు ఎత్తు పడదు. గడ్డివామి ఎక్కితేనే కండ్లు తిరిగి కింద పడిన మనిషి. అట్లాంటిదాన్ని ఐదంతస్తుల మీదికి, కట్టెల నిచ్చెన మీద, నెత్తిన బాండ్లి పెట్టి పంపల్లనా?

అందుకే తాడిపత్రికి పోయి పాత ఓనరు జయరాం కాళ్లావేళ్లా పడినాడు. బండల ఫ్యాక్టరీ ఆయనది. "నీ చెయ్యి నాకు తెలీదా ముత్యాలప్పా? కొత్త లారీ వస్తాండాది, లైసెన్సు తెచ్చుకో, అది నీదే. ఉగాదికి రాకపోతే మాత్రం ఇంకోణ్ని ఎక్కిస్తా" అన్నాడు జయరాం. లైసెన్సు గడువు దాటి ఐదేండ్లకు పైనే అయ్యుండాది. మళ్లా పరీక్షకు నిలబడి తోలి చూపించల్లంట. గెలిస్తే లారీ, లేకుంటే బెంగుళూరు. అంతే కత.

వారం తిరిగేలోపల కాలికి బ్రేకు గుర్తొచ్చింది. నోరు మాత్రం "హో" అనేది మానలా. సరే, నోటికి మార్కులు లేవు కదా అని శశికుమార్ వదిలేసినాడు. అసలు గండం రివర్సు కాడ ఉండాది.

ఆ కాలం డ్రైవర్లు అద్దంలో చూసి ఎనక్కి తోలినారా ఎప్పుడన్నా? క్లీనరు దిగి లారీ ఎనక నిలబడి బాడీ మీద అరచేత్తో కొడ్తాడు. వరసగా కొడ్తాంటే రానీ అని. ఒక్క దెబ్బ గట్టిగా పడిందంటే నిలుపు అని. పదహైదేండ్లు క్లీనరు నాగన్న చెయ్యే ముత్యాలప్పకు ఎనక కన్ను. అద్దాలు ఉండేది మీసం దువ్వుకునేదానికి.

శశికుమార్ రివర్సు వెయ్యమంటే గేరు వేసి గమ్మున కూసున్నాడు.

"ఏంటికన్నా నిలబడితివి?"

"కొట్టల్ల కదప్పా."

"ఎవర్ని?"

"బాడీని. నువ్వు దిగి కొడితే కదా నేను వచ్చేది!"

శశికుమార్ నెత్తి కొట్టుకున్నాడు. "పరీక్షలో ఎవరూ కొట్టరన్నా. బ్రేకిన్‌స్పెక్టరు దూరంగా నిలబడి చూస్తాడు. రెండు వరసల గుంజల మధ్యలో అద్దాలు చూసుకోని నువ్వే ఎనక్కి రావల్ల. ఒక్క గుంజ పడినా ఇంటికే."

ఆ పొద్దు ముత్యాలప్ప గుంజలన్నీ పడగొట్టినాడు. మళ్లా నాటితే మళ్లా పడగొట్టినాడు. ఘనకార్యం చేసి ఇంటికొచ్చి, తట్టలో సంగటి ముద్దను తాకనన్నా తాకకుండా, "నాకు రాదే కదిరీ. మూట కట్టు, బెంగుళూరికి పోదాం" అని టవల్లో మొగం దాచుకోని ఏడ్చినాడు. గంపెడు మీసాలు పెట్టుకోని ఏడ్చేది చూస్తే ఎవరికైనా నవ్వొస్తాది. కదిరమ్మకు రాలా. మొగుడు ఎవరి కోసం ఏడుస్తాండాడో ఆయమ్మకు తెలుసు.

"ముందు తిను. రివర్సు సంగతి నేను చూస్తా" అనింది, తానేదో వంద లారీలు తోలినట్ల.

తెల్లారేసరికి పడుండే ఎద్దుల బండికి రెండు పక్కలా రెండు అద్దాలు లేచినాయి. వలపట ముత్యాలప్ప గడ్డం గీసుకునే అద్దం, దాపట కదిరమ్మ మొగం చూసుకునే అద్దం. ముంగిట్లో పిడకలు రెండు వరసలు పేర్చి దోవ చేసింది. నొగల కాడ ఒగ పక్క తాను, ఇంగో పక్క పక్కింటి సుంకమ్మ. ముత్యాలప్ప బండెక్కి ముందుకు మొగం పెట్టి కూసోవల్ల. తల తిప్పకూడదు. అద్దాల్లో చూసి "దాపటికి" అంటే ఆడోళ్లు ఎడమకు, "వలపటికి" అంటే కుడికి బండిని ఎనక్కి నూకల్ల. ఆయన చెప్పిందే చెయ్యల్ల, నోరు మెదపకూడదు.

ఊరంతా గోడల మీదికెక్కింది. "ఎద్దులు లేని బండికి అద్దాలేందప్పా!" అని ఒగడు. "హారను కొట్టు, కోళ్లు అడ్డమొస్తాండాయి!" అని ఇంగొగడు. "టాపు మీద మాకు గూడా చోటుండాదా?" అని ఒగ ముసలాయన. పనీ పాటా లేని ఊరికి ఇంతకంటే ఏం కావల్ల?

మొదటి సారి బండి పోయి పోయి పిడకల వరసను పొడి పొడి చేసింది.

"చూస్తానే ఉంటివి కదమ్మే! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయె?" అని ముత్యాలప్ప గుడ్లురిమినాడు.

"చెప్తే బ్రేకిన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడా? ఇంగోసారి కానీ" అనింది కదిరమ్మ. మాట చెప్పకుండా ఉండేదానికి ఆయమ్మ పడిన పాట్లు ఆ దేవునికే తెలియల్ల. పుట్టి బుద్ధెరిగినాక నోరు మూసుకున్న మనిషి కాదు. కొంగు నోట్లో కుక్కుకోని, తాను చేసిన పిడకలే తన కండ్ల ముందర పిండైపోతాంటే గుడ్ల నీళ్లు పెట్టుకోని నూకింది.

మూడో పొద్దున ముత్యాలప్ప కంట్లో ఒగటి పడింది. మొగం కడుక్కునేటప్పుడు నొసటి బొట్టు తీసి అద్దానికి అంటిచ్చి మర్చిపోయేది ఆడోళ్ల అలవాటు కదా. కదిరమ్మ అద్దం మూలకు గూడా అట్లే ఒగ ఎర్ర బొట్టు అంటుకోనుండాది. అద్దంలో కనపడే పిడకల వరస ఆ బొట్టును తగులుకోని ఉన్నంత సేపూ బండి తిన్నగా వస్తాంది. బొట్టు వరసను దాటి పక్కకు పోయిందంటే బండి వంకర పోతాంది. ముత్యాలప్ప మళ్లా చూసినాడు. బొట్టును పట్టుకోని "కొంచెం దాపటికి... చాలు... రానీ... రానీ..." అంటా వచ్చినాడు. బండి ఒక్క పిడకను తాకకుండా గోడ కాడికొచ్చి నిలబడింది.

గోడల మీద జనం ఈలలేసినారు. కదిరమ్మ కొంగు నోట్లోంచి తీసి, మూడు పొద్దుల మాటలు ఒగటేసారి మాట్లాడింది.

ఆ మర్నాడే స్కూలు లారీ ఎడమ అద్దానికి గూడా ఒగ బొట్టు ఎక్కింది. శశికుమార్ ముందు నవ్వినాడు, "అన్నా, లారీకి పేరంటమా?" అని. గుంజల మధ్యలో లారీ రైలు మాదిరి ఎనక్కి వచ్చేసరికి నవ్వు ఆపినాడు.

పరీక్ష నాడు కదిరమ్మ, సుంకమ్మ ఇద్దరూ తోడొచ్చినారు. మంచి శకునం కావల్లని కదిరమ్మ తలంటుకోని, నొసట పెద్ద బొట్టు పెట్టుకోనొచ్చింది. శశికుమార్ గూడా తన వంతు భక్తి చూపించినాడు. తెల్లార్తూనే లారీని కడిగి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు కట్టి, అద్దాలు సబ్బు పెట్టి తుడిచినాడు.

ముందుకు తోలమంటే ముత్యాలప్ప పువ్వు మాదిరి తోలినాడు. బ్రేకిన్‌స్పెక్టరు తల ఊపి, "ఇప్పుడు వెనక్కి రా" అన్నాడు. గేరు వేసి ఎడమ అద్దం దిక్కు చూసినాడు. అద్దం తళతళ మెరుస్తాండాది. బొట్టు లేదు.

ముత్యాలప్ప కిటికీలోంచి తల బయటికి పెట్టినాడు. "శశీ! బొట్టు యాడప్పా?"

మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడిన శశికుమార్ మొగం మాడిపాయె. "తుడిచేస్తి కదన్నా..."

"ఏమయ్యా, ఎంతసేపు? రాకుంటే దిగు, నీ వెనక ఇంకా చానా మంది ఉన్నారు" అని బ్రేకిన్‌స్పెక్టరు కసిరినాడు.

ముత్యాలప్ప కండ్ల ముందర ఐదంతస్తుల బిల్డింగు లేచింది. దిగేద్దామని తలుపు పిడి మీద చెయ్యేసినాడు.

అంతలోనే కదిరమ్మ తాడు కింద దూరి లారీ కాడికి ఉరికొచ్చింది. నొసటి మీద బొట్టు పీకి చేతిలోకి తీసుకుంది. సుంకమ్మ గుండె బాదుకుంటా, "ఏమ్మే, నీకేమన్నా పిచ్చా! మొగుడు ఎదురుగా కూసోనుండంగా బొట్టు తీస్తావా? అపశకునం!" అని అరిచింది. ఎవరు ఇన్యారు? కదిరమ్మ లారీ మెట్టు మీద కాలు పెట్టి, అద్దం కడ్డీని పట్టుకోని పైకెక్కింది. గడ్డివామి ఎక్కని మనిషి! కండ్లు మూసుకుంది.

"మే కదిరీ, పడ్తావు!"

"గమ్మున యాడ పెట్టల్లో చెప్పు."

"కొంచెం కిందికి... ఇంగొంచెం... ఆఁ, ఆడనే."

"ఏందమ్మా అది? పరీక్ష మధ్యలో ఏం అంటిస్తున్నావ్?" అని బ్రేకిన్‌స్పెక్టరు మీదికొచ్చినాడు.

"మీ జీపు ముందర నిమ్మకాయ కట్టుకోలేదా సార్? అది ఏంటికో ఇదీ అంతే" అనేసి కదిరమ్మ తడుముకుంటా కిందికి దిగింది. బ్రేకిన్‌స్పెక్టరు తన జీపు దిక్కు ఒగసారి చూసుకోని ఇంగేమీ అనలా.

లారీ కదిలింది. కదిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుంకమ్మ గూడా తన కొంగు తన నోట్లో పెట్టుకుంది. గుంజల వరస బొట్టును తగులుకోని, తగులుకోని, లారీ మెల్లగా ఎనక్కి వచ్చింది. కడాకు ముత్యాలప్ప బ్రేకు తొక్కి, మైదానం అదిరేటట్ల "హో!" అన్నాడు. బ్రేకిన్‌స్పెక్టరు ఉలిక్కిపడి ఒగడుగు ఎనక్కేసినాడు.

"ఎవర్నయ్యా పిలిచింది?"

"లారీని సార్."

బ్రేకిన్‌స్పెక్టరు గుంజలన్నీ తిరిగి చూసినాడు. ఒగటన్నా పడలా. "మాట వింటాంది కదయ్యా నీ లారీ. పాసు, పో" అన్నాడు.

ముత్యాలప్ప దిగి మొదట చేసిన పని, అద్దం మీద బొట్టును గోటితో మెల్లగా లేపడం. దాన్ని తెచ్చి, అందరి ముందర, పెండ్లాం నొసటి మీద పెట్టినాడు. లారీని వెంట్రుక వాసి తప్పకుండా తెచ్చిన చెయ్యి, ఆడ మాత్రం గురి తప్పింది.

"వంకరగా పెడితివి కదయ్యా!" అనింది సుంకమ్మ. "మే కదిరమ్మా, ఆ అద్దంలో చూసి సర్దుకో."

"గమ్మునుండు సుంకమ్మా" అనింది కదిరమ్మ. సర్దుకోలా.

బస్టాండులో జనం మూటలతో బెంగుళూరు బస్సు కాడ ఒగరినొగరు తోసుకుంటాండారు. కదిరమ్మ ఆ వంకర బొట్టుతోనే వాళ్లను దాటుకోని ఊరికి పోయే కల్యాణదుర్గం బస్సు దిక్కు నడిచింది. కండక్టరు అడ్డమొచ్చి, "బెంగుళూరేనా అమ్మా? రా, రా, బిన్నా ఎక్కు, సీట్లుండాయి" అని చెయ్యి ఊపినాడు.

కదిరమ్మ నిలబడి వాని మొగం దిక్కు నిదానంగా చూసింది.

"మేం కూలికి పోంలేప్పా" అనింది. "మా ఆయన లారీ డ్రైవరు."